లాక్‌హార్ట్‌లో 13 డాలర్ల ఉప్పు

డాలస్ నుంచి ఆస్టిన్ వైపు ఐ-35 హైవే మీద వెళ్లినవాళ్లకు ఆ దారి సంగతి చెప్పనక్కర్లేదు. వేకో దాటేదాకా ఒక ట్రాఫిక్ నరకం, టెంపుల్ అనే ఊరు దాటాక ఇంకొకటి. ఆ బాధ పడలేక జార్జ్‌టౌన్ దగ్గర 130 టోలు రోడ్డెక్కాం. లాక్‌హార్ట్ సమీపంలో ఆ రోడ్డు మీద గంటకు 85 మైళ్ల వేగంతో వెళ్లొచ్చు. అమెరికాలో అంతకు మించిన వేగపరిమితి ఎక్కడా లేదని మా మరిది తెగ సంబరపడ్డాడు. టోలు బిల్లు వచ్చేది మా ఇంటికి కాబట్టి నాకంత సంబరం కలగలేదు.

ఆస్టిన్‌లో శాసనసభ భవనం చూశాం, వంతెన కింది నుంచి గబ్బిలాలు లేవడం చూశాం. వాటి గురించి అందరూ రాశారు, నేను రాయను. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది లాక్‌హార్ట్.

ఆస్టిన్‌కు దక్షిణాన 30 మైళ్ల దూరంలో ఉన్న చిన్న ఊరది. టెక్సస్ ప్రతినిధుల సభ 1999లో దానికి రాష్ట్ర బార్బెక్యూ రాజధాని అనే హోదా ఇచ్చింది. మధ్య టెక్సస్‌లో ఈ వంటకు పునాది వేసినవాళ్లు జర్మనీ నుంచి వలస వచ్చిన మాంసం కొట్ల వాళ్లు. అమ్ముడుపోని ముక్కలు పాడైపోకుండా పొగబెట్టి అమ్మేవారు. పత్తి తీయడానికి వచ్చిన కూలీలు వాటిని మాంసం చుట్టే కాగితం మీదే పెట్టుకుని తినేవారు. ఇప్పటికీ కంచం ఉండదు, కాగితమే. 1900లో మొదలైన క్రాయిట్జ్ మార్కెట్‌లో చాలా కాలం సాసూ ఇచ్చేవారు కాదు, ఫోర్కూ ఇచ్చేవారు కాదు. 1999లో ఆ కుటుంబంలో తోబుట్టువులు విడిపోయారు. దుకాణం పేరు ఒకరికి, కట్టడం ఒకరికి. పేరు దక్కినవాళ్లు పాత పొయ్యిలోని నిప్పుల్ని తొట్టెలో వేసి, రోడ్డు మీద లాక్కుంటూ కొత్త చోటికి తీసుకెళ్లారు. పాత కట్టడంలో ఇప్పుడున్నది స్మిటీస్ మార్కెట్. పొయ్యిలో నిప్పును కూడా ఆస్తి కింద లెక్కగట్టిన ఆ కుటుంబం మీద నాకు గౌరవం కలిగింది.

ఇక్కడ అందరూ అడిగే బ్రిస్కెట్ అంటే బీఫ్ (రొమ్ము భాగం ముక్క) కాబట్టి మా బండిలో సగం మందికి అది పనికిరాదు. ఊళ్లో టర్కీ, పంది పక్కటెముకలు దొరికిన చోట కూర్చున్నాం. ధర తూకం మీద. తూచే మనిషి చెయ్యి మాత్రం ధారాళంగా వాలుతుంది. పావు పౌండు అడిగితే అర పౌండుకు దగ్గరగా కోసి, ‘ఫర్వాలేదా?’ అన్నట్టు చూస్తాడు. వెనక బారెడు వరుస ఉండగా ఎవరు కాదంటారు?

టర్కీ ముక్క పైపొర నల్లగా, గరుగ్గా ఉంది. నాలుకకు ముందు ఉప్పు తగిలింది, తర్వాత మిరియం, చివర ఓక్ కట్టె పొగ. అంతే. ఇంకేముందోనని వెతుక్కుంటూ తిన్నాను, ఏమీ దొరకలేదు. బల్లకు అవతల కూర్చున్న పెద్దాయన నా అవస్థ గమనించి, "అందులో ఇంకేమీ లేదమ్మా, వెతక్కు" అనే అర్థం వచ్చేలా నవ్వాడు. ఇంటి పెరట్లో పొగ పొయ్యి పెట్టుకుని దశాబ్దాలుగా వండుతున్న మనిషట. ఉప్పు ఒక పాలు, కచ్చాపచ్చా మిరియాలు ఒక పాలు, అదే ఆయన మసాలా. మిరియాలు మెత్తగా ఉంటే మాంసం మీద బురదలా అతుక్కుంటాయని, గరుగ్గా ఉంటేనే ఆ నల్లటి పెచ్చు కడుతుందని చెప్పాడు. మరో మాట కూడా అన్నాడు: మాంసం లోపలికి దిగేది ఉప్పొక్కటే, మిగతావన్నీ పైనే ఉండిపోతాయి. అందుకే ఆయన ఉప్పు ముందు రోజు రాత్రే పట్టిస్తాడు, మిరియాలు పొయ్యిమీద పెట్టబోయే ముందు.

మన ఇళ్లలో కోడిమాంసానికి ముందు ఉప్పూ పసుపూ పట్టించి పక్కన పెట్టి, కారం, మసాలా తర్వాత వేసినట్టే. ఆ మాట ఆయనకు చెబితే పసుపు దగ్గర ఆగిపోయాడు, అదెందుకని అడిగాడు. రంగుకూ, నీచువాసనకూ అని ఏదో చెప్పాను.

బయటికొచ్చే దారిలో, బజారులోని ఒక కొట్లో అసలు కథ మొదలైంది. టీ చొక్కాలు, టోపీల పక్కన వరసగా సీసాలు. ఇంటికి పట్టుకెళ్లే బార్బెక్యూ మసాలా, వాళ్లు రబ్ అంటారు. మన గ్లాసుడు కూడా ఉండని సీసా 13 డాలర్లు. వెనక్కి తిప్పి చూశాను. ఇక్కడ సరుకుల పేర్లు బరువు ప్రకారం రాయాలి, ఎక్కువ ఉన్నది ముందు. మొదటి పేరు ఉప్పు. రెండోది చక్కెర. ఆ తర్వాతే మిరియాలు, పాప్రికా అనే ఎర్ర మిరపపొడి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, చివర గడ్డకట్టకుండా సిలికాన్ డయాక్సైడ్. ఊరి పొయ్యిల్లో చక్కెర ఊసే నాకు తగల్లేదు, ఊరి పేరు మీద అమ్మే సీసాలో మాత్రం అది రెండో స్థానంలో కూర్చుంది! ఉప్పు, చక్కెర కలిపి మిరియాల ధరకు అమ్ముతున్నారని నేను గొణుగుతుంటే మా అత్తయ్య సీసా నా చేతిలోంచి తీసుకున్నారు.

"ముప్పై ఏళ్లు దంచాను, విసిరాను, జల్లించాను. ఎవరో కలిపి సీసాలో పోసి ఇస్తే నీకేం కష్టం?" అన్నారు. సొంత పర్సు తీసి కొనేశారు.

డబ్బు మాట అలా ఉంచండి, నా అసలు అభ్యంతరం వేరు. ఉప్పు ముందే కలిసిపోయిన మసాలాలో పెత్తనం మన చేతిలో ఉండదు. మిరియం ఘాటు చాలలేదని ఇంకో చెంచా చల్లితే ఉప్పు ఎక్కువవుతుంది, ఉప్పు చూసుకుంటే ఘాటు చాలదు. చక్కెర సంగతి చెప్పనే అక్కర్లేదు. 225, 250 ఫారెన్‌హీట్ డిగ్రీల సన్నసెగ మీద గంటల తరబడి పొగబెట్టేవాళ్లకు అది బాగానే ఉంటుంది. మనలా పెరట్లో బొగ్గుల మీద నేరుగా కోడి కాళ్లు కాల్చేవాళ్లకు ముక్క ఉడికేలోపు పైన మాడి చేదెక్కుతుంది.

ఇంత చెప్పానని అన్నీ ఇంట్లోనే కలుపుకోవాలని నేననను. ఆ పెద్దాయన చెప్పిన మిరియాలు మన మిక్సీలో రావు. సగం దుమ్ము, సగం గింజ గింజగానే. అంగుళానికి 16 కళ్లున్న జల్లెడ కొలతకు ఆడించి అమ్ముతారు, దాన్నే పదహారు మెష్ అంటారు. తిరుగు దారిలో ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో అడిగితే మసాలాల వరసలో కాదు, మాంసం కౌంటరు దగ్గర ఉందన్నారు. అక్కడ కొన్న డబ్బా మాత్రం ఒక్క సెంటు కూడా దండగ కాదు. పొగ వాసన పాప్రికా కూడా కొన్నదే మేలు. స్పెయిన్‌లోని లా వేరా ప్రాంతంలో మిరపకాయల్ని ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి చేస్తారు, ఆ పని మన అపార్ట్‌మెంట్ బాల్కనీలో సాగదు. రంగు ఒక్కటే కావాలంటే బ్యాడిగి మిరప చాలు. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక: ఇక్కడ చిలీ పౌడర్ అని అమ్మేది మన కారం కాదు. 1890ల్లో లాక్‌హార్ట్‌కు దగ్గరలోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు అమ్మడం మొదలుపెట్టిన రకం అది. అందులో జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో అన్నీ ఉంటాయి. దాంతో పచ్చడి కలిపితే తినలేరు.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని మా ఇల్లు చేరాక శనివారం కోడి కాళ్లకు రాత్రి ఉప్పు పట్టించాను. మర్నాడు బొగ్గుల మీద పెట్టే ముందు ఆ గరుకు మిరియాలు, కొంచెం ధనియాల పొడి, బ్యాడిగి కారం. మరిది మాట్లాడకుండా తిన్నాడు, అదే అతను ఇచ్చే మార్కులు.

అత్తయ్య తన సీసాను కోడి దగ్గరికే రానివ్వలేదు. బంగాళదుంప వేపుడు దించే ముందు రెండు చెంచాలు చల్లారు. ఉప్పు వేరే వేయలేదు. మూకుడు ఖాళీ అయింది, ఖాళీ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇండియా వెళ్లేటప్పుడు వాళ్ల చెల్లెలికి ఒకటి, తనకు ఒకటి కావాలట. మళ్లీ లాక్‌హార్ట్ దాకా ఎవరు వెళ్తారని అడిగాను.

"ఏ ఊరిదైనా ఫర్వాలేదు, చక్కెర ఉన్నది చూసి పట్రా" అన్నారు.