ఖరీఫ్ తగ్గాక రాస్ మద్రకా ఒడ్డున గాలం: ఈ సీజన్ లెక్క

ఖరీఫ్ అంటే మనకు వరి నాట్లు. ఒమన్ దక్షిణ తీరంలో ఖరీఫ్ అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి, ఒడ్డున నిలబడనివ్వని కెరటాలు. మాట ఒకటే, అరబ్బీలో శరదృతువు అని అర్థం. ఆ నెలల్లో నా రాడ్లు గోడకే. గాలి పైనీళ్లను ఒడ్డు నుంచి లోపలికి తోసేస్తుంటే అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి, వాటితోపాటు మేత. వెనక ఎడారి, ముందు జూలైలోనూ కాలు జివ్వుమనే సముద్రం. ఆ మేతకు చేరిన కవళ్లు (సార్డీన్ చేపలు), వాటి వెంట పడ్డ పెద్ద చేపలు: గాలి తగ్గాక గాలం వేసేవాడికి దక్కేది అదే.

ఉద్యోగం ఒమన్‌లోని రేవు పట్టణం దుక్మ్‌లో. గురువారం డ్యూటీ దిగి బయల్దేరితే రాత్రికి రాస్ మద్రకా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొన. తోడు మా క్యాంపులో ఉండే పెద్దాయన, నేను అన్నా అంటాను. గాలం ఆయనదీ నాదీ ఒకటే పిచ్చి, ఓపిక మాత్రం ఆయనదే.

సెప్టెంబర్ చివరి వారం: సున్నా. ఖరీఫ్ కెరటాలకు తెగిన నాచు ఇంకా నీళ్లలో తిరుగుతోంది. వేసిన ప్రతిసారీ దారానికి తడిగుడ్డలా వేలాడుతూ వచ్చింది. రెండు గంటలు చూసి టీ తాగి పడుకున్నాం.

అక్టోబర్ మూడో వారం: ఈ సీజన్‌లో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క శనివారమే. అప్పటిదాకా నా గొప్పంతా దూరం. పద్నాలుగు అడుగుల రాడ్, 150 గ్రాముల సీసం, నూరు మీటర్లు దాటితే ఛాతీ ఉబ్బేది. పొద్దున సముద్రం బాగా పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నప్పుడు అన్న నన్ను ఒడ్డెంట నడిపించాడు. నల్లరాళ్ల పక్కన, ఒడ్డుకు ముప్పై మీటర్లలోపే, మనిషి లోతు కాలువ ఒకటి ఇసుకను కోసుకుంటూ లోపలికి పోతోంది. "నువ్వు రోజూ చేపల నెత్తి మీద నుంచి విసురుతున్నావురా" అన్నాడు. ఫోన్‌లో ఫొటో తీసి, ఒడ్డు మీది రెండు రాళ్లు గుర్తు పెట్టుకున్నా. పోటు సగం ఎక్కాక, నీళ్లు ఆ కాలువ నిండుతున్నప్పుడు అక్కడే వేశాం. సాయంత్రానికి బ్లూఫిష్ నాలుగు, పెద్దది రెండు కిలోల పైనే.

బ్లూఫిష్ పళ్లు కత్తెరే. గాలం పైన కట్టే మందపు దారం, 80 పౌండ్ల లీడర్‌ను, రెండుసార్లు తెంపింది. ఆ తర్వాత గాలం పైన జానెడు స్టీల్ వైరు కట్టాను, మళ్లీ పోలేదు. ఎర కవళ్లే, కానీ ఐస్ కరిగాక అవి కెరటం దెబ్బకు గుజ్జయిపోతాయి. ముందురోజు రాత్రి కల్లుప్పులో పెట్టి, పొద్దున సాగే దారంతో గాలానికి చుడితే గట్టిగా నిలుస్తాయి. రాళ్లలో సీసం పోకుండా పులీ రిగ్ వాడాను. చేప లాగితే సీసం పైకి జరుగుతుంది. అయినా ఇరుక్కుంటుంది కాబట్టి సీసాన్ని మాత్రం 15 పౌండ్ల పాత దారంతో కడతాను. తెగితే సీసమే పోతుంది, చేప మిగులుతుంది. కానీ ఆ కట్టుతో బలంగా విసరకూడదు, గాల్లోనే తెగి సీసం తుపాకీ గుండవుతుంది. మెల్లగా ముప్పై మీటర్లకు వేసేవాడికే అది.

వంజరం సంగతి. ఇక్కడ కనాద్ అంటారు. ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా దాన్ని పట్టడం నిషేధం. తేదీ దాటాక స్పూన్ (చెంచాలాంటి లోహపు ఎర) విసురుతూ రెండు ఉదయాలు గడిపాను. ఒకటి తగిలింది, ఒడ్డు దగ్గర జారిపోయింది. కథ పెంచను.

నవంబర్, అమావాస్య పోటు: అన్నింటికన్నా మంచి రాత్రి. ఆరు కిలోల పార చేప (ట్రెవల్లీ) ఒకటి, చిన్నవి రెండు. తర్వాత దేనికో తగిలి నలభై నిమిషాలు కదల్లేదు. ఒడ్డుకు లాగితే టేకు చేప (స్టింగ్‌రే), మంచం అంత. తోక ముల్లు చూసి దగ్గరకు పోకుండానే దారం కోసి వదిలేశాం. నీళ్లలో దిగినప్పుడు పాదం ఎత్తి పెట్టకుండా ఈడుస్తూ నడవండి, టేకు ఉంటే తనే తప్పుకుంటుంది.

అదే రాత్రి నా తెలివితక్కువ పని. చిన్న జెల్లను చేత్తో విప్పబోతే ముల్లు బొటనవేలిలో దిగింది. ప్రాణం పోయినంత నొప్పి. ఫ్లాస్కులో టీకని తెచ్చిన వేడినీళ్లను ఓర్చుకోగలిగేంత చల్లబరిచి అందులో వేలు ముంచి కూర్చున్నా. వేడికి ఆ విషం నీరసిస్తుంది. గంటలో మనిషినయ్యాను. టీ మాత్రం లేదు.

డిసెంబర్, జనవరి: బెలత్ అనే ఉత్తరపు గాలి ఎడారి మీద నుంచి సముద్రానికి వీస్తుంది. వీపు మీద గాలి, విసురు అద్భుతం, కెరటం చదును. కానీ పళ్లలో, రీల్లో, అన్నంలో ఇసుక. ఒక రాత్రి నీళ్లు తగిలితే నీలంగా వెలిగాయి, దారం కూడా మెరిసింది. అది నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి, చలికాలంలో ఈ సముద్రంలో దట్టంగా పెరుగుతుంది. చూడ్డానికి బాగుంది, చేప మాత్రం ఒక్కటీ తగల్లేదు. మొత్తం రెండు నెలలకు అరచేయంత కోఫర్లు (ఎర్రటి సీబ్రీమ్ చేపలు) మూడు, అన్నీ వదిలేశాం.

దారి గురించి ఒక్కమాట. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి 16 పీఎస్‌ఐకి దించుతాం. తెల్లగా, చదునుగా, గట్టిగా కనిపించే సబ్ఖా మీదకు మాత్రం బండి పోనివ్వద్దు. పైన ఉప్పు పెచ్చు, కింద బురద. మా వెనక వచ్చినవాళ్లు ఫిబ్రవరిలో అందులో దిగబడి ఆరు గంటలు తవ్వారు. ఫోన్ సిగ్నల్ లేదు. మా దగ్గర తాడు, ఇరవై లీటర్ల నీళ్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

మార్చి, ఏప్రిల్‌లో మళ్లీ బ్లూఫిష్ ఓ మోస్తరుగా. ఇప్పుడు మే. రీల్ విప్పితే జనవరి ఇసుక ఇంకా ఉంది. కడిగి, ఆరబెట్టి, గ్రీజు పెట్టాను. ఆ కాలువ ఫొటో ఫోన్‌లోనే ఉంది, కానీ ఖరీఫ్ కెరటాలు ఇసుకను తిరగేస్తాయి కాబట్టి అక్టోబర్‌లో పాటు చూసి మళ్లీ మొదటి నుంచి నడవాలి.