ఉద్యోగం మానేసి ఎంటెక్ సీఎస్‌లో చేరాను: నా అనుభవం

ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయాలనుకునేవాళ్లు ఫోన్ చేస్తే ముందుగా అడిగేది, “ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలి?” అనే. మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేనూ అందరినీ అదే అడిగేదాన్ని. ఏఐ అని కొందరు, సెక్యూరిటీ అని కొందరు చెప్పారు. చివరికి నేను కంపైలర్స్‌లో, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషిన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ల సబ్జెక్టులో పడ్డాను. ఆ పేరు నాకు ఎవరూ చెప్పలేదు.

ప్రిపరేషన్ గురించి ఎక్కువ చెప్పను. ఆఫీసు రోజుల్లో రాత్రిపూట, శని ఆదివారాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో. చుట్టూ గ్రూప్స్‌కి చదివేవాళ్లు తల ఎత్తకుండా కూర్చుంటే మనకీ లేవాలనిపించదు. గేట్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్) పేపర్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అందులో 15 మార్కులు ఆప్టిట్యూడ్. డిస్క్రీట్ మ్యాథ్స్ ముందు చదవండి, ఆల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్ ఆ తర్వాత తేలికవుతాయి. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి డీఏ అని వేరే పేపరే ఉంది.

స్కోరు వచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్ వదలకుండానే చాలా దారులున్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో గుమ్మం. ట్రిపుల్ ఐటీకి పీజీఈఈ అని సొంత పరీక్ష. హెచ్‌సీయూ ఎంటెక్‌కి గేట్ స్కోరుతో జరిగే సీసీఎంటీ కౌన్సెలింగ్. ఉస్మానియా, జేఎన్‌టీయూలకి పీజీఈసెట్ కౌన్సెలింగ్, గేట్ స్కోరుతో కూడా వెళ్లొచ్చు. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ లాంటి వాటికి ముందు ఆ ఐఐటీ సైట్‌లోనే అప్లై చేయాలి. ఐఐటీల ఆఫర్లు ఒకేచోట కనిపించే కోఆప్ పోర్టల్ కేవలం వాటిని చూసుకుని జవాబు చెప్పడానికి. అందులో రిజిస్టర్ అయితే చాలు, అన్ని ఐఐటీలకీ అప్లై అయినట్టే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

కందిలో రెండేళ్ల టీఏ (టీచింగ్ అసిస్టెంట్) సీటుతో పాటు మూడేళ్ల ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) సీటు కూడా ఉంటుంది. ఆర్ఏకి రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టారు. నాకు కళ్లు తెరిపించింది ఆ ఇంటర్వ్యూనే. ఏ సబ్జెక్టు బాగా వచ్చని అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్స్ అన్నాను.

“32 బిట్ల అడ్రస్, 4 కేబీ పేజీ. పేజ్ టేబుల్ సైజు ఎంతమ్మా?”

ప్రోగ్రామ్ వాడే అడ్రస్ అసలు మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికే పేజ్ టేబుల్. పేజీ లోపలి చోటు చెప్పే ఆఫ్‌సెట్‌కి 12 బిట్లు పోతే 20 మిగులుతాయి, అంటే పది లక్షలకు పైగా ఎంట్రీలు. ఒక్కోటి 4 బైట్లనుకుంటే 4 ఎంబీ.

“వంద ప్రాసెస్‌లుంటే?”

ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఒక్కోదానికీ ఒక టేబుల్ కాబట్టి టేబుల్స్‌కే 400 ఎంబీ. అందుకే రెండు లెవెల్స్ చేస్తాం, వాడని భాగానికి లోపలి టేబుల్ అసలు ఉండదు అని చెప్పాను. మరి మెమరీకి ఎక్కువసార్లు వెళ్లాలి కదా అన్నారు. ఈమధ్య వెతికిన అడ్రస్‌లను దాచుకునే చిన్న క్యాష్, టీఎల్‌బీ ఉంది అన్నాను. ప్రాసెస్ మారినప్పుడు ఆ టీఎల్‌బీలో ఉన్నవి ఏమవుతాయి? అక్కడ ఆగిపోయాను. “తొందరేం లేదు, పైకి ఆలోచించండి” అన్నారు ఒక సార్. ఒకే అడ్రస్‌కి రెండు ప్రాసెస్‌లలో అర్థం వేరు కాబట్టి పాతవన్నీ తీసేయాలి, లేదా ఏ ఎంట్రీ ఏ ప్రాసెస్‌దో గుర్తు పెట్టాలి అని మెల్లగా తేల్చాను. బయటికి వచ్చాక, ఇలాంటి మాటలు మాట్లాడుకునే చోటే ఉండాలని బలంగా అనిపించింది.

ఇంట్లో ఒప్పించడం కష్టమైంది. “చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి మళ్లీ చదువేంటి తల్లీ?” అని నాన్న బాధపడ్డారు. గేట్ స్కాలర్‌షిప్ నెలకు 12,400 రూపాయలు. జీతంతో పోలిస్తే చాలా తక్కువ. అయినా హాస్టల్, మెస్ గడుస్తాయని లెక్క రాసి చూపించాను. కోఆప్ మొదటి రౌండ్లలో వేరే ఊళ్లో టీఏ ఆఫర్ వస్తే రిటైన్ అండ్ వెయిట్ పెట్టాను. దాన్ని చేతిలో ఉంచుకుని ఇంకా మంచిదాని కోసం ఆగడమన్నమాట. కంది ఆర్ఏ సీటు వచ్చిన రౌండ్‌లో యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్ నొక్కేశాను.

కంపైలర్స్ కోర్సులో రిజిస్టర్ అలొకేషన్ పాఠం నన్ను పట్టేసింది. ప్రోగ్రామ్‌లో వందల వేరియబుల్స్ ఉంటాయి, ఎక్స్86-64 ప్రాసెసర్‌లో సాధారణ పనులకు రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న నిల్వ చోట్లు, 16 మాత్రమే. ఒకే సమయంలో అవసరమయ్యే రెండు వేరియబుల్స్ మధ్య గీత గీస్తే అదొక గ్రాఫ్. ఒక్కో రిజిస్టర్ ఒక్కో రంగు అనుకుంటే, గీతతో కలిసినవాటికి ఒకే రంగు రాకుండా 16 రంగులు వేయగలమా? ఐబీఎంలో చైటిన్ బృందం 1981లో దీన్ని ఇలాగే చూసింది. గ్రాఫ్‌కి రంగులేయడం ఎంత కష్టమో కార్ప్ 1972లోనే చూపించారు, ఆయన ఇచ్చిన 21 ఎన్‌పీ కంప్లీట్ (వేగంగా తేల్చే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ తెలియని) సమస్యల్లో అదొకటి. చిక్కడపల్లిలో నేను మార్కుల కోసం చదివిన గ్రాఫ్ థియరీ ప్రతి ప్రోగ్రామ్ వెనకా పనిచేస్తోందని అప్పుడు తెలిసింది. రంగులు చాలనప్పుడు ఏ వేరియబుల్‌ని రిజిస్టర్ నుంచి తప్పించాలి అనే నిర్ణయానికి ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టులో ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ కూడా వాడుతున్నారు. సిస్టమ్స్, థియరీ, ఏఐ అని మనం గీసుకున్న గోడలు ఈ ఒక్క సమస్య దగ్గరే కూలిపోయాయి.

అందుకే ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లకు నేను స్పెషలైజేషన్ పేరు చెప్పను. చేరాలనుకున్న చోట ప్రొఫెసర్ల పేజీలు తెరిచి, ఈమధ్య వచ్చిన పేపర్లలో మొదటి పేజీ మాత్రం చదవమంటాను. అర్థం కాకపోయినా రెండో పేజీ తిప్పాలనిపించింది ఏదో, దాని గురించి మాట్లాడదాం రమ్మంటాను.