నాయనమ్మ వేపగింజలకి సాక్ష్యం ఎవరు?

జూన్ నెలాఖరుకి మా ఊళ్ళో వేపచెట్ల కింద పసుప్పచ్చగా పళ్ళు రాలి ఉండేవి. నాయనమ్మ గంపతో వెళ్ళి ఏరుకొచ్చి, గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలోనే ఆరబెట్టేది. ఎండలో వేస్తే మందు చచ్చిపోతుందనేది. మిరపతోటలో పురుగు కనపడగానే ఆ గింజల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పాత చీరముక్కలో మూటగట్టి రాత్రంతా బకెట్ నీళ్ళలో నానేసేది. తెల్లారి మూట పిసికితే పాలలాంటి నీళ్ళు దిగేవి. ఆకుకి అంటుకోవడానికి కాస్త సబ్బునీళ్ళు కలిపి, పొద్దువాలాకే కొట్టించేది, ఎందుకంటే ఎండ తగిలితే ఆ చేదు పనిచెయ్యదు. ఇన్ని సంగతులు తెలిసిన మనిషికి సంతకం రాదు, వేలిముద్రే.

1994లో యూరప్ పేటెంట్ ఆఫీసు, వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్ళని అరికట్టే పద్ధతికి అమెరికా వ్యవసాయ శాఖకీ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే కంపెనీకీ కలిపి పేటెంట్ ఇచ్చింది. మరుసటి ఏడాదే పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, యూరప్ పార్లమెంటు సభ్యురాలు మగ్దా ఆల్వోట్, సేంద్రియ రైతుల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని సవాలు చేశారు. 2000లో రద్దయింది, పేటెంట్ పొందినవాళ్ళు అప్పీలుకి వెళ్ళారు, చివరికి 2005 మార్చిలో ఆ అప్పీలూ కొట్టేశారు. అంటే పదేళ్ళు పట్టింది. పేటెంట్ ఏ దేశంలో ఇస్తే అక్కడే చెల్లుతుంది కాబట్టి దాంతో మన రైతు కషాయం ఆగిపోయేది కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తరతరాలుగా మన ఊళ్ళలో ఉన్న తెలివిని ఇంకొకరు తమ ఆవిష్కరణ అని రాసుకుంటే, అది కాదని నిరూపించే ఖర్చూ, తిరుగుడూ మన మీదే పడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

పసుపు కథ చూడండి. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద 1995లో మిసిసిపి యూనివర్సిటీ వైద్య కేంద్రానికి అమెరికాలో పేటెంట్ వచ్చింది. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1996లో సవాలు చేసి, పాత గ్రంథాలూ, పత్రికల వ్యాసాలూ కలిపి 32 ఆధారాలు చూపించాక 1997లో రద్దయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, వేరే దేశంలో జనం ఒక పద్ధతి వాడుతున్నారన్నది లెక్కలోకి రాదు, ఎక్కడైనా అచ్చయి ఉంటేనే లెక్క. కోట్లమంది ఇళ్ళలో దెబ్బ తగలగానే చేసే పని కూడా కాగితం మీద దొరికితే తప్ప నిజం కాదన్నమాట! ఆ నిబంధన 2013లో గానీ మారలేదు.

ఈ అనుభవంతోనే 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని మందుల తయారీ పద్ధతుల్ని ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ భాషల్లో పెట్టి పేటెంట్ ఆఫీసులకి చూపిస్తున్నారు. మంచి పని, అందులో అనుమానం లేదు. అయితే అందులో ముఖ్యంగా ఉన్నది గ్రంథాల్లో దొరికింది. నల్లమలలో ఒక చెంచు పెద్దాయన ఏ వేరుని ఏ కాలంలో తవ్వాలో చెబితే అది ఏ గ్రంథంలో ఉంటుంది?

అసలు చిక్కు వాణిజ్య ఒప్పందాల్లోనే ఉంది. 1995లో అమల్లోకొచ్చిన ట్రిప్స్ అనే మేధోసంపత్తి హక్కుల ఒప్పందం, పేటెంట్లు ఇచ్చి తీరాలని ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) సభ్య దేశాలకి చెప్పింది గానీ, ఆ మొక్క ఎక్కడిదో, ఆ తెలివి ఎవరిదో చెప్పమని దరఖాస్తుదారుని అడగమనలేదు. ఆ షరతు చేర్చమని ఇండియా, బ్రెజిల్ లాంటి దేశాలు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాయి. 2024 మేలో జెనీవాలో కుదిరిన కొత్త ఒప్పందంలో ఎట్టకేలకు ఆ మాట రాశారు. కానీ 15 దేశాలు ఆమోదిస్తే గానీ అది అమల్లోకి రాదు, పైగా వివరం చెప్పలేదన్న ఒక్క కారణంతో, మోసం చేసే ఉద్దేశం ఉంటే తప్ప, పేటెంట్ రద్దు చెయ్యడానికి వీల్లేదు. నా దృష్టిలో ఇది సగం తలుపు తెరవడమే. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ అనుమతి, రాబడిలో వాళ్ళ వాటా, ఈ రెండూ లేకుండా పేటెంటే ఇవ్వకూడదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మని కూర్చోబెట్టి కషాయం కొలతలు రాసుకున్నాను. వ్యవసాయ శాఖ వాళ్ళు 5 కిలోల గింజలకి 100 లీటర్ల నీళ్ళు అంటారు, అమ్మ మాత్రం తవ్వల్లో చెప్పింది. నాయనమ్మకి ఎవరు నేర్పారని అడిగితే, వాళ్ళ అత్తగారు దంచుతుంటే పక్కన కూర్చుని చూసిందట.