గురుడి చంద్రుల దూరాలు, ఆ 1.59 సంగతి

గురుడి నాలుగు పెద్ద చంద్రుల దూరాలు ఫోటోల్లోంచి కొలిచే పని ఓ దారికొచ్చింది. నాకు కావాల్సింది కిలోమీటర్లు కాదు, నిష్పత్తులు, అందుకే బింబం మధ్య నుంచి చంద్రుడి దాకా ఎన్ని పిక్సెల్సో చూసి బింబం వ్యాసార్ధంతో భాగిస్తున్నా, అలా చేస్తే గురుడు మనకి దగ్గరైనా దూరమైనా లెక్క చెడదు. చంద్రులు కనపడాలని ఎక్స్‌పోజర్ పెంచితే మాత్రం బింబం ఉబ్బిపోతుంది, కాబట్టి బింబానికి తక్కువ, చంద్రులకి ఎక్కువ పెట్టి వెంటవెంటనే రెండు ఫోటోలు తియ్యాలి.

ఆ దూరాల్ని టైమ్‌తో పాటు స్ప్రెడ్‌షీట్‌లో వేసి సైన్ కర్వ్ (అలలా పైకీ కిందకీ పోయే గీత) ఫిట్ చేస్తే మధ్య నుంచి దాని ఎత్తే కక్ష్య దూరం, ఎందుకంటే ఆ కక్ష్యలు మనకి దాదాపు అంచు మీదే, అంటే పక్క నుంచి ఓ గీతలా కనిపిస్తాయి. అయోకి 5.9 వ్యాసార్ధాలు, యూరోపాకి 9.4, గానిమీడ్‌కి 15, కాలిస్టోకి 26.3 రావాలి. మొదటి మూడూ బాగా కుదిరాయి, కాలిస్టో చుట్టు తిరగడానికి 16.7 రోజులు కాబట్టి దానికి ఇంకా పాయింట్లు కావాలి.

ఇక అసలు విషయం. యూరోపా దూరాన్ని అయో దూరంతో భాగిస్తే 1.591, గానిమీడ్‌ని యూరోపాతో భాగిస్తే 1.595, కాలిస్టో దగ్గరికొచ్చేసరికి 1.759. దూరాలు మాత్రమే చూస్తూ కూర్చుంటే ఆ 1.59 ఎక్కడిదో అర్థం కాదు, కెప్లర్ 1619లో చెప్పిన మూడో నియమం పెడితే తెలుస్తుంది: పరిభ్రమణ కాలం రెట్టింపైతే దూరం 2కి 2/3 ఘాతం, అంటే 1.587 రెట్లు అవుతుంది. కాలాలు చూడండి, 1.769, 3.551, 7.155 రోజులు.

అయినా సరిగ్గా రెట్టింపు కాదు, 2.007, 2.015 వస్తున్నాయి. కచ్చితత్వం జంటల్లో లేదు, ముగ్గురిలో కలిపి ఉంది! రోజుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతాయో తీసుకోండి: అయో 203.489, యూరోపా 101.375, గానిమీడ్ 50.318. అయో వేగంలోంచి యూరోపాది మూడు రెట్లు తీసేసి గానిమీడ్‌ది రెండు రెట్లు కలిపితే సున్నా. లాప్లాస్ సంబంధం అంటారు దీన్ని. దీనివల్లే యూరోపా, గానిమీడ్ గురుడికి ఒకే దిక్కున వరసలోకి వచ్చినప్పుడు అయో ఎప్పుడూ అవతలి దిక్కున ఉంటుంది, నాకైతే మొత్తం పనిలో ఇదే అన్నిటికంటే నచ్చింది. షీట్‌లో ముగ్గురి కోణాలకీ ఇదే లెక్క చేసే కాలమ్ పెట్టా, వేగాలకి సున్నా వస్తుంది కాబట్టి కోణాలకి వచ్చేది మారదు, అందులో ఎప్పుడూ 180 డిగ్రీల దగ్గరే రావాలి.

తర్వాత శని. దాని చంద్రులు ఎన్సెలాడస్, డయోన్ దూరాల నిష్పత్తి కూడా 1.586.