పక్కకు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున

మా ఇంట్లో తల తిరగడానికి తెలిసిన కారణాలు మూడే: బీపీ, పైత్యం, మెడ నరాలు. నా మీద మూడూ ప్రయోగించారు. పడుకుని కుడి పక్కకు ఒత్తిగిలితే చాలు, ఫ్యానూ బీరువా కలిసి గిర్రున తిరిగేవి. నిమిషం లోపే ఆగేది కానీ వాంతి వచ్చినంత పనయ్యేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్‌లో మెడ ఎక్స్‌రే తీసి, స్పాండిలైటిస్ అని కాలర్ తగిలించి, తల తిరుగుడు ఆపే మాత్రలు రాసిచ్చారు. కాలర్‌తో తిరుగుడు తగ్గలేదు, మెడ మాత్రం పట్టేసింది.

చివరికి ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ స్కానింగ్ ఊసెత్తలేదు. ఎంతసేపు తిరుగుతుంది, చెవిలో హోరుందా, వినికిడి తగ్గిందా అని అడిగారు. గంటల తరబడి తిరిగి, ఈ రెండూ ఉంటే మీనియర్స్ అనే లోపలి చెవి జబ్బును అనుమానిస్తారట. మాట తడబడిందా, ఒకటి రెండుగా కనిపించిందా అన్నది పక్షవాతం గురించి. అలాంటివి ఉంటే క్లినిక్‌కు కాదు, ఎమర్జెన్సీకే పరిగెత్తాలి.

తర్వాత నా తలను కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. ప్రాణం పోయిందనుకున్నా. ‘నీ కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి’ అన్నారు పక్కనున్న మావారు కంగారుగా. డాక్టరమ్మకు కావాల్సిందీ అదే. బీపీపీవీ, అంటే తల కదిలినప్పుడు కాసేపు వచ్చే తిరుగుడు, అన్నారు. లోపలి చెవిలో ఉండాల్సిన కాల్షియం రేణువులు చోటు తప్పి, పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారాయి. తల కదిలినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదిలించి, మనిషి తిరుగుతున్నట్టు మెదడుకు తప్పుడు కబురు పంపుతున్నాయి. జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టరు 1992లో ప్రచురించిన పద్ధతిలో తలను ఎడమకు, తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు తిప్పి, లేపి కూర్చోబెట్టారు. అంతే!

గిర్రున తిరగడం పోయింది, భయం పోలేదు. మెట్రో ఎస్కలేటర్ చూస్తే కాళ్లు వణికేవి. గోడ పట్టుకుని, తల బిగబట్టి నడిచేదాన్ని. ఈ దశలోనే చాలామంది, ముఖ్యంగా పెద్దవాళ్లు, పడి ఎముక విరగ్గొట్టుకుంటారట. పాత మాత్రలు మానేయమన్నారు. అవి ఎక్కువకాలం వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుందట. నడుస్తూ తల అటూ ఇటూ తిప్పే వ్యాయామం ఇచ్చారు. మేడ మీద చేస్తుంటే పక్కింటివాళ్లు ఎవరి కోసం వెతుకుతున్నానా అని చూసేవారు.

కింది వాటా ఆంటీ ఇది విని, ‘నాకూ ఓసారి తల తిప్పు తల్లీ’ అన్నారు. ఏ చెవో తెలియకుండా ముట్టనని ఆవిణ్ణీ డాక్టరమ్మ దగ్గరికే పంపాను. ఆవిడ తల తిరుగుడుకు కారణం మైగ్రేన్ అని తేలింది.