ముంజేతి మీద పొక్కు లేచేదాకా: నా అనుభవం

మూడేళ్లుగా సైనస్ సైనస్ అంటూ మందులు మింగిన నాకు ఉన్నది అలర్జీ అని ఇవాళ నెల్లూరులో తేలింది. చర్మ పరీక్షలో ముంజేతి మీద వేసిన చుక్కల్లో మూడు, దోమ కుట్టినట్టు ఉబ్బాయి: ఇంటి దుమ్ములో ఉండే, కంటికి కనపడని డస్ట్ మైట్ పురుగు, చిల్లచెట్టు పుప్పొడి, వయ్యారిభామ పుప్పొడి. కోవూరుకు తిరిగొచ్చి చేతి దురద తగ్గకముందే ఇది రాస్తున్నా. మా వీధిలోనే నలుగురు ఇదే పొరపాటుతో యాంటీబయాటిక్ వాడుతున్నారు.

ఈఎన్‌టీ డాక్టరు దగ్గర పని తేలిగ్గా అయిపోయింది. కెమెరా ఉన్న సన్న గొట్టం ముక్కులో పెట్టి చూశారు. లోపలి కండ పాలిపోయి, నీరు పట్టి ఉబ్బి ఉంది, చీము ఎక్కడా లేదు. ఎక్స్‌రే తీయించమంటారా అని నేనే అడిగితే అక్కర్లేదన్నారు. మామూలు రొంపలోనూ సైనస్‌లు, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదులు, మసగ్గా కనపడతాయి, దాన్ని చూసి ఇన్ఫెక్షన్ అని చెప్పడానికి లేదు.

అంతకు ముందు ఆయన నాతో మూడు వారాలు నోట్‌బుక్ రాయించారు. రోజూ ఐదు సంగతులు: దురద ఉందా, తుమ్ములు ఎప్పుడు, చీమిడి పలచనా చిక్కనా, జ్వరం ఎంత, మొదలై ఎన్నో రోజు. సగం జబ్బు ఆ పుస్తకంలోనే తేలిపోయింది. అలర్జీ అయితే ముక్కు, కళ్లు, అంగిలి దురద పెడతాయి. నాలుకతో అంగిలిని గీక్కోవాలనిపిస్తుంది. తెల్లారి లేవగానే వరసగా పది తుమ్ములు, రెండు ముక్కుల్లోంచీ నీళ్లు. జ్వరం ఉండదు. సైనస్ ఇన్ఫెక్షన్‌లో దురద ఉండదు, ముక్కు దిబ్బడ, నొప్పి ఉంటాయి. బుగ్గ ఎముక కింద, పై దవడ పళ్లలో నొప్పి వస్తుంది, చెప్పులు వేసుకోడానికి వంగితే ముఖం బరువెక్కుతుంది, చారు ఘుమఘుమ కూడా తెలీదు. చిక్కటి చీమిడి తరచూ ఒకవైపు ఎక్కువగా వస్తుంది.

చీమిడి పచ్చబడింది కాబట్టి యాంటీబయాటిక్ కావాలి అనే మాట మాత్రం ఎవరన్నా నమ్మకండి. ఆ రంగు మన తెల్ల రక్తకణాలది. వైరస్ వల్ల వచ్చే మామూలు రొంపలోనూ మూడు నాలుగు రోజులకు పచ్చబడుతుంది. రంగు కాదు, రోజులు లెక్కపెట్టాలి. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే ఒకటి. ఐదారు రోజులకు తగ్గుముఖం పట్టి, మళ్లీ జ్వరం, నొప్పి తిరగబెడితే రెండు. మొదట్నుంచే 102 డిగ్రీల జ్వరంతో, చీములాంటి చీమిడితో మూడు నాలుగు రోజులు వదలకపోతే మూడు. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటేనే బాక్టీరియా అని అనుమానించాలి. మా మెడికల్ షాపాయన రెండో రోజునే "అన్నా, ఈ మూడు మాత్రలు వేసుకో, కోర్సు అయిపోద్ది" అని అజిత్రోమైసిన్ 500 ఇచ్చేవాడు. వారానికి తగ్గేది. వారం పదిరోజుల్లో దానంతట అదే తగ్గే రొంప తగ్గినందుకు పేరు మాత్రకు వచ్చేది. అట్టా మూడేళ్లలో ఎన్ని స్ట్రిప్పులు పోయాయో! అవసరం లేనప్పుడు వాడిన యాంటీబయాటిక్ రేపు అవసరం పడ్డప్పుడు పనిచెయ్యకపోవచ్చు. ఇది మా ఇంట్లో పిల్లలకు కూడా వర్తించే సంగతి, అందుకే కోపం.

ఇంకొకటి. నుదురు నొప్పి ఒక్కటే వచ్చి, ముక్కు శుభ్రంగా ఉండి, వెలుతురు చూడలేక వాంతి వచ్చేట్టుంటే అది చాలాసార్లు మైగ్రేన్. దానికి కూడా సైనస్ అని పేరు పెట్టుకుని ఏళ్లు గడిపేవాళ్లున్నారు.

ఇక చర్మ పరీక్ష. ఇవాళ జరిగింది రెండోసారి. నెల కిందట వెళ్లినప్పుడు పడ్డ అవమానం ఇంకా మర్చిపోలేదు.

ముంజేతిని స్పిరిట్‌తో తుడిచి, పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో ద్రావణం చుక్క పెడతారు. చుక్క మీదుగా లాన్సెట్ అనే సన్నటి సూదిమొనతో గుచ్చుతారు, రక్తం రాదు. చివర రెండు చుక్కలు పరీక్షకే పరీక్ష. ఒకటి ఉప్పునీరు, అది ఉబ్బకూడదు. రెండోది హిస్టమిన్, అలర్జీలో ఒంట్లో పుట్టి దురద, వాపు తెచ్చే రసాయనం. అది ఎవరికైనా ఉబ్బాలి. పావుగంట ఆగి స్కేలుతో కొలుస్తారు. ఉప్పునీటి చుక్క కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ లేస్తే ఆ పదార్థానికి స్పందన ఉన్నట్టు.

ఆ రోజు నా చేతి మీద ఏదీ లేవలేదు. హిస్టమిన్ చుక్క కూడా చదునుగా, చర్మంలో కలిసిపోయి ఉంది. సిస్టర్ వేలితో తడిమి చూసి, వెయిటింగ్ హాలు మొత్తం వినపడేట్టు "మాత్ర మింగి వచ్చారు కదా సార్? చదువుకున్నోళ్లే ఇట్టా చేస్తే ఎట్టా?" అంది. నేను మింగలేదన్నా. పదిమంది నన్నే చూస్తున్నారు. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని కౌంటర్లో చెప్పారు.

ఇంటికొచ్చి సంచీ బోర్లించాక తెలిసింది. రెండు రోజుల ముందు ఒళ్లు నొప్పులకు వేసుకున్న జలుబు మాత్రలో పారాసెటమాల్‌తో పాటు క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. అది కూడా యాంటీహిస్టమినే, హిస్టమిన్‌ను అణిచేస్తుంది. వాళ్లిచ్చిన కాగితంలో "అలర్జీ మాత్రలు ఆపి రావాలి" అని ఒక్క ముక్కే ఉంది. జలుబు మాత్రలో అలర్జీ మందు ఉంటుందని మామూలు మనిషికి ఎట్టా తెలుస్తుంది? ఆ ఒక్క వాక్యం కాగితంలో రాయడానికి ఏం ఖర్చు? తప్పు వాళ్లదే అని ఇప్పటికీ అంటాను.

మీరు వెళ్తుంటే సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ ఒక వారం ముందే ఆపండి. జలుబు మాత్రలు, రాత్రి వేసుకునే దగ్గు సిరప్‌లు అట్టవెనక చదివి ఆపండి. ముంజేతికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు రాయకండి. డిప్రెషన్‌కు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటివి కూడా పరీక్షను చెడగొడతాయి, కానీ వాటిని సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పాలి. బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ వాడుతున్నా ముందే చెప్పాలి. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆపక్కర్లేదు. ఉబ్బసం అదుపులో లేనప్పుడు పరీక్షకు వెళ్లకూడదు. మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) అని రక్తపరీక్ష ప్యాకేజీలు అమ్ముతారు, ఆ ఒక్క అంకె దేనికి అలర్జీయో చెప్పదు.

ఇవాళ హిస్టమిన్ చుక్క ఉబ్బగానే సిస్టర్‌కు నేనే చూపించా.

మందుగా ఫ్లూటికసోన్ అనే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే రాశారు. ఇది చుక్కల మందులా గంటలో తెరవదు, పూర్తి గుణం కనపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చాలామంది నాలుగో రోజున మానేస్తారు. కొట్టే పద్ధతి కూడా ఉంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకోవాలి. అప్పుడు మొన బయటి వైపుకు, చెవి దిక్కుగా తిరుగుతుంది. మధ్య గోడకు తగిలేట్టు కొడితే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి పోతుంది. ముక్కు దిబ్బడకు వేసుకునే ఆక్సీమెటాజోలిన్ చుక్కలు మూడు రోజులకు మించి వాడితే, ఆపగానే ముక్కు ముందుకంటే గట్టిగా మూసుకుంటుంది.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం నాకు బాగా పనిచేసింది. 240 మిల్లీలీటర్ల నీళ్లకు అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్లు మాత్రం తెర్లిపోయేలా కాచి చల్లార్చినవే. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోనివ్వొద్దు, మెదడుకు ఎక్కే అమీబా ప్రమాదం ఉంది.

అలర్జీ ఉన్నవాళ్లకు సైనస్ ఇన్ఫెక్షన్ రాదని కాదు. వాచిన కండ దారి మూసేస్తే లోపల చీము పట్టొచ్చు. కన్ను చుట్టూ వాచినా, చూపు రెండుగా కనపడినా, నుదురు ఉబ్బినా, మెడ బిగుసుకున్నా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. షుగరు ఉన్నవాళ్లకు ముక్కులో నల్ల పెచ్చు కట్టినా అంతే, 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్‌లో చూశాం.

దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో ఉతకడం ఈ ఆదివారం నుంచి మొదలు. వచ్చే ఏడు చిల్లచెట్లు పూతకు రాకముందే, రెండు వారాల ముందు నుంచి స్ప్రే కొట్టమన్నారు డాక్టరు. క్యాలెండర్లో సంక్రాంతి పండగ పక్కన గీత గీసి పెట్టుకున్నా.