కారు డోరులో జిరజిర ఎక్కడి నుంచి వస్తోంది?

మా కారుకు ఎనిమిదేళ్లు నిండాయి. గత వేసవిలో ముందు డోర్లకు కొత్త స్పీకర్లు వేయించిన తరువాత, మృదంగం తొప్పి (గంభీరంగా మోగే ఎడమ ముఖం) మీద దెబ్బ పడినప్పుడల్లా డ్రైవరు వైపు డోరులో జిర్రుమనే చప్పుడు మొదలైంది. బిగించిన దుకాణంవారు స్పీకరులోనే లోపం ఉందనుకుని దాన్ని మార్చి ఇచ్చారు, కానీ చప్పుడు అలాగే ఉండిపోయింది. డోరంతా డ్యాంపింగ్ షీట్లు, అంటే అదురును అణిచే షీట్లు, అతికించమని మిత్రులు సలహా ఇచ్చారు. ఏది అదురుతోందో తెలియకుండా షీటు అతికించడం నాకు ససేమిరా నచ్చలేదు.

అందుకని ఒక ఆదివారం ఇంజిను ఆపి, డోర్ పాకెట్లోని నీళ్ల సీసా, చిల్లర నాణేలు, కళ్లజోడు అన్నీ బయట పెట్టి, ఫోనులో 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెరిగే ఒకే స్వరాన్ని పెట్టాము. తమ్ముడు ఫోను పట్టుకున్నాడు, నేను అరచేతితో డోర్ ప్యాడ్‌ను అంగుళం అంగుళం నొక్కుతూ వెళ్లాను. 90 దాటగానే జిరజిర మొదలైంది. "ఆపు, అక్కడే ఉంచు" అన్నాను. పవర్ విండో స్విచ్చి దగ్గర చేయి ఆనిస్తే చప్పుడు ఆగుతోంది, తీస్తే మళ్లీ వస్తోంది.

ప్యాడ్ ఊడదీసి చూస్తే కారణం కంటికి కనిపించింది. లాక్ రాడ్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి, రాడ్ లోపలి రేకు అంచుకు తగులుతోంది. తగిలిన చోట రంగు లేచిపోయి, బియ్యపు గింజంత మేర ఇనుము తళతళలాడుతోంది. కొత్త క్లిప్పు వేసి, రాడ్‌కు ఫెల్ట్ టేపు చుట్టి, వేలాడుతున్న వైరు ప్లగ్గుకు స్పాంజి చుట్టి కట్టాను. చప్పుడులో ముప్పాతిక భాగం ఆ పనులతోనే పోయింది.

మిగిలిన పావు భాగం నిజంగా రేకుదే. డోరు వెలుపలి రేకు ఒక మిల్లీమీటరు కంటే పలుచగా ఉంటుంది కనుక ఇత్తడి పళ్లెంలా మోగుతుంది, పళ్లెం మీద చేయి వేస్తే మోత ఆగినట్టే బ్యూటైల్ రబ్బరు షీటు దాన్ని ఆపుతుంది. షీటు పైనున్న అల్యూమినియం రేకుకూ డోరు రేకుకూ మధ్య రబ్బరు చిక్కుకుని, డోరు వంగినప్పుడల్లా తానూ సాగుతూ ఆ కదలికను కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది. దీనికి డోరంతా కప్పనవసరం లేదు. ఎక్కువగా అదిరేది మధ్యనున్న చదునైన భాగమే కాబట్టి, అక్కడ నాలుగో వంతు మేర అతికించినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. నేను 2 మిల్లీమీటర్ల షీటు వాడాను. రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, షీటు మీది గళ్ల అచ్చు పూర్తిగా చదునయ్యేదాకా చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి. అల్యూమినియం అంచు వేళ్లను కోస్తుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. చవకగా దొరికే తారు షీట్ల జోలికి మాత్రం వెళ్లవద్దని నా మనవి, ఎందుకంటే మన ఎండల్లో మూసి ఉన్న కారులో అవి మెత్తబడి వాసన వేస్తాయి, కొన్నాళ్లకు జారిపోతాయి కూడా.

షీటుతో ఇంకో లాభం కూడా ఉంది. స్పీకరు కోన్ (అదిరే గరాటు లాంటి భాగం) ముందువైపు గాలిని నెట్టినప్పుడు వెనుకవైపు లాగుతుంది. లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాల గుండా ఆ వెనుక శబ్దం ముందుకు వచ్చి కలిస్తే, ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బేస్ పలచబడుతుంది. ఆ రంధ్రాలను షీటుతో మూసిన రోజు, వాల్యూమ్ పెంచకుండానే మృదంగం నిండుగా వినిపించింది. అయితే డోరు అడుగున నీళ్లు కారిపోవడానికి ఉన్న సన్నని రంధ్రాలను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. అద్దం పక్క నుంచి దిగే వాన నీరు అక్కడే నిలిచిపోతే రేకు తుప్పు పడుతుంది. అద్దం దిగే దారినీ, పక్క ఎయిర్‌బ్యాగు సెన్సరు ఉన్న కార్లలో ఆ సెన్సరునూ వదిలిపెట్టాలి. ప్లగ్గులు ఊడదీసి ఉన్నంతసేపు ఇగ్నిషన్ ఆన్ చేయవద్దు, చేస్తే ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం వెలుగుతుంది.

స్పీకరు కింద వేసే రింగు చెక్కపొడి బోర్డుదైతే తేమకు ఉబ్బుతుంది కాబట్టి ప్లాస్టిక్ రింగు తీసుకుని, దానికీ రేకుకూ మధ్య పలుచని ఫోమ్ వేశాను. చివరగా స్టీరియోలో, కింది స్వరాలను స్పీకరుకు వెళ్లకుండా తగ్గించే హైపాస్ ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఆరున్నర అంగుళాల స్పీకరుతో అంతకంటే కింది స్వరాలను గట్టిగా పలికించబోతే అది కోన్‌నూ ప్యాడ్‌నూ కుదిపేస్తుంది.

ఇప్పుడు డోర్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో, ఇంతవరకు వినపడని చప్పుడొకటి డిక్కీ వైపు నుంచి వస్తోంది. స్టెప్నీ పక్కన జాకీ వదులుగా ఉందో, నంబరు ప్లేటు రేకుకు తగులుతోందో వచ్చే ఆదివారం చేయి ఆనించి చూడాలి.